పెరటి టెలిస్కోపు, గాజువాక గాలి



గాజువాకలో డాబా మీద టెలిస్కోపు పెట్టినవాళ్ళకి ఇరుగుపొరుగు నుంచి మొదట ఎదురయ్యే ప్రశ్న ఒకటే: ఈ పొగలో మీకేం కనిపిస్తుందండీ అని. అందులో న్యాయం లేకపోలేదు. ఒక పక్క ఉక్కు కర్మాగారం, ఇంకో పక్క రిఫైనరీ, అటూ ఇటూ రెండు రేవులు, మధ్యలో జాతీయ రహదారి మీద తెల్లవార్లూ లారీలు. సముద్రం మీంచి వచ్చే తేమ ఈ దుమ్మునీ పొగనీ పట్టుకుని ఊరి మీదే ఉండిపోతుంది. పాలపుంత అన్న మాట పుస్తకంలో తప్ప ఎరగని పిల్లలు ఇక్కడ ఎందరో. అలాంటి చోట గురుగ్రహాన్నో కుజుణ్ణో చూస్తూ, పక్కన చిన్న దీపం పెట్టుకుని, పెన్సిలుతో కాగితం మీద బొమ్మ వేయడం దండగ పని అనిపించడం సహజం. ఈ ప్రసంగంలో నా వాదన దీనికి ఎదురు. గ్రహాల బొమ్మలు వేయడానికి గాజువాక అనుకున్నంత చెడ్డ చోటు కాదు. ఆకాశం నిజంగానే బాగాలేని రాత్రి వేసిన బొమ్మకు కూడా సాక్ష్యం విలువ ఉంటుంది. షరతు ఒకటుంది: ఏం కనిపించిందో గీసిన కాగితం మీదే ఏం కనిపించలేదో, ఎందుకు కనిపించలేదో కూడా రాయాలి.

ముందు ఆ పొగ సంగతి చూద్దాం. ఆకాశం బాగాలేదు అనే ఒక్క మాటలో మనం మూడు వేరువేరు సంగతులు కలిపేస్తాం. ఒకటి ఊరి దీపాల వెలుగు, రెండోది మసక, మూడోది గాలి వణుకు. దీపాల వెలుగు నక్షత్రమండలాలకూ తోకచుక్కలకూ శత్రువు. గురుడికి దానితో పేచీ లేదు; సంధ్య ఇంకా పూర్తిగా పోకముందే, వీధి దీపం పక్కనే నిలబడినా కనిపించేంత కాంతి ఆయనది. మసక కూడా పెద్ద అపకారి కాదు. గ్రహం కాంతిని కొంత తగ్గిస్తుంది, అంతే. కళ్ళు మిరుమిట్లు గొలిపే శుక్రుడి విషయంలో అది ఉపకారం కూడా. అసలు శత్రువు మూడోది. పారే కాలవ అడుగున పడిన రూపాయి బిళ్ళని చూడండి: నీళ్ళు తేటగానే ఉంటాయి, బిళ్ళ మీద అంకె మాత్రం చదవలేం. వేడీ చల్లా కలగలిసిన గాలి పొరలు గ్రహబింబాన్ని అలాగే నలిపేస్తాయి.

ఇక్కడే తమాషా. మసకా వణుకూ చాలాసార్లు ఒకే రాత్రి కలిసి రావు. విశాఖ పారిశ్రామిక ప్రాంతం ఒక పళ్ళెంలాంటి నేల; ఉత్తరాన కైలాస కొండల వరస, దక్షిణాన యారాడ కొండల వరస. శీతాకాలం రాత్రుల్లో చల్లగాలి అడుగున చేరి, దాని మీద వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. పొగ పైకి పోలేదు. ఊపిరితిత్తులకు అది చెడ్డ రాత్రి. కానీ ఆ మూత కిందనున్న గాలి కదలదు కనక చుక్కలు మినుకుమినుకుమనకుండా మందంగా వెలుగుతాయి, గురుడి బింబం గీసినట్టు నిలబడుతుంది. దీనికి తలకిందులు, తుఫాను వెలిసిన మర్నాటి రాత్రి. ఆకాశం కడిగిన అద్దంలా ఉంటుంది, ప్రతి చుక్కా వజ్రంలా తళతళలాడుతుంది, చూసినవాళ్ళంతా ఆహా అంటారు. ఆ తళతళే టెలిస్కోపుకు శాపం. ఐపీసులో గ్రహం పొయ్యి మీద పాలలా పొంగుతూ ఉంటుంది. పొగ చూసి టెలిస్కోపు లోపల పెట్టేసినవాళ్ళు ఎన్నో మంచి రాత్రులు పోగొట్టుకుంటారు.

భౌగోళికంగా కూడా ఈ ఊరికి కలిసొచ్చే విషయం ఒకటుంది. గాజువాక అక్షాంశం సుమారు 17.7 డిగ్రీలు. గ్రహాలు భూమధ్యరేఖకు అటూ ఇటూ దాదాపు 23 డిగ్రీల మేర తిరుగుతుంటాయి కనక, బాగా దక్షిణానికి జారిన సంవత్సరంలో కూడా గ్రహం ఇక్కడ 49 డిగ్రీల ఎత్తుకు ఎక్కుతుంది. అదే గ్రహం లండన్‌లో 15 డిగ్రీలు పెద్దగా దాటదు. ఎత్తు తగ్గినకొద్దీ చూపు ఎక్కువ గాలి గుండా పోవాలి. నడినెత్తిన ఉన్న గాలి మందం ఒక పాలనుకుంటే, 49 డిగ్రీల దగ్గర అది ఒకటీ మూడోవంతు. 15 డిగ్రీల దగ్గర నాలుగు పాళ్ళకు కాస్త తక్కువ. యూరప్ వాళ్ళు గ్రహాల గురించి మనకు చెప్పినదాంట్లో చాలా భాగం ఈ మందపాటి గాలిలోంచి చూసి చెప్పినదే. ఆ లెక్కన మన గాలిని మరీ అంత నిందించకూడదు.

నిందించవలసింది కాళ్ళ కింది సిమెంటు స్లాబును. పగలంతా ఎండని తాగి, రాత్రి పది దాటేదాకా ఆవిరి కక్కుతుంది. పక్కింటి రేకుల షెడ్డూ, ఏసీ పెట్టె వదిలే వేడిగాలీ అంతే. వణుకులో పెద్ద వాటా ఆకాశంలో పుట్టదు, మన డాబా మీదే పుడుతుంది. పెరట్లో మట్టినేల ఉంటే డాబా కన్నా అదే మేలు. అర్ధరాత్రి దాటాక, తెల్లవారుజామున ఇంకా మేలు. టెలిస్కోపును గంట ముందే బయట పెట్టి చల్లారనివ్వాలి. ఇవేవీ చేయకుండా గాజువాక ఆకాశాన్ని తిట్టడం ఆడలేక మద్దెల ఓడన్న సామెతే.

ఇంతా చేస్తే కనిపించేది ఎంత? గురుడు భూమికి దగ్గరగా వచ్చినప్పుడు ఆయన బింబం 45 ఆర్క్ సెకన్లుంటుంది. అంటే నలభై రెట్లు పెద్దది చేసి చూస్తే, మామూలు కంటికి పున్నమి చంద్రుడు ఎంత కనిపిస్తాడో అంత. నాలుగంగుళాల టెలిస్కోపు, గాలి నిశ్చలంగా ఉంటే, ఒక ఆర్క్ సెకను పైచిలుకు వివరం వరకూ విడదీయగలదు. గాలి రెండు మూడు ఆర్క్ సెకన్ల మేర చెదరగొడుతున్న రాత్రి పన్నెండంగుళాల టెలిస్కోపు పక్కన పెట్టినా అది పెద్దగా గెలవదు. పేదా గొప్పా తేడా చెడ్డ గాలిలో తగ్గిపోతుంది. ఎంత చెడ్డ రాత్రయినా మధ్యమధ్య అర సెకనో సెకనో గాలి ఊపిరి బిగబట్టినట్టు ఆగుతుంది. ఆ క్షణంలో గురుడి నడుం మీది రెండు గోధుమరంగు పట్టీలూ, వాటి అంచుల్లో గంట్లూ ఒక్కసారి తేలి మాయమవుతాయి. బొమ్మ వేసేవాళ్ళు ఆ క్షణాలను పోగు చేస్తారు. అయితే తీరిక లేదు. గురుడు 9 గంటల 55 నిమిషాల్లో తన చుట్టూ తాను తిరుగుతాడు. పది నిమిషాల్లో ఆరు డిగ్రీలు జరిగిపోతాడు. ముందుగానే కాగితం మీద అండాకారం గీసి ఉంచుకోవాలి, ఎందుకంటే ఆయన గుండ్రం కాదు, నడుం దగ్గర ఏడు శాతం బొద్దు. పావుగంటలో పట్టీల చోటు తేల్చి, గడియారం చూసి సమయం వేయాలి.

ఆ సమయం వేయడం దగ్గర కాసేపు ఆగుతాను. కొత్తగా బొమ్మలు వేసేవాళ్ళకి అది గుమాస్తా పనిలా అనిపిస్తుంది. కానీ 1666లో రాబర్ట్ హుక్ అనే శాస్త్రవేత్త కుజుడి బొమ్మలు వేశాడు. ఇప్పటి కళ్ళకు అవి మొరటు బొమ్మలు. ఈనాటి పెరటి టెలిస్కోపుతో ఓపికున్న కుర్రవాడు అంతకన్నా బాగా వేస్తాడు. రెండు వందల ఏళ్ళ తర్వాత రిచర్డ్ ప్రోక్టర్ అనే ఖగోళవేత్త ఆ బొమ్మల్లోని నల్లమచ్చనూ, తన కాలపు బొమ్మల్లోని అదే మచ్చనూ తీసుకుని, మధ్యలో కుజుడు ఎన్ని చుట్లు తిరిగి ఉంటాడో లెక్కగట్టాడు. ఒక్కో చుట్టుకు 24 గంటల 37 నిమిషాల 22.7 సెకన్లు అని తేలింది. ఇవాళ్టి లెక్కకూ దానికీ తేడా సెకనులో పదోవంతుకు లోపే. ఆ ఖచ్చితత్వం హుక్ చేతి నైపుణ్యంలోంచి వచ్చింది కాదు. బొమ్మ పక్కన తేదీ, వేళ ఉన్నాయి కాబట్టి వచ్చింది.

సమయం అనగానే విశాఖకు ఒక హక్కుంది. ఉక్కు హక్కు గురించి అందరికీ తెలుసు, ఇది అంతకన్నా పాతది. గోడే వెంకట జగ్గారావు అనే జమీందారు మద్రాసు వెళ్ళి, అక్కడి ప్రభుత్వ ఖగోళవేత్త టి. జి. టేలర్ దగ్గర చదువుకుని, 1840లో విశాఖ డాబాగార్డెన్స్‌లో తన సొంత ఆవరణలో వేధశాల కట్టుకున్నారు. మాట దాచకుండా చెప్పాలంటే అది పెరటి వేధశాలే. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు గానీ, ఈ పెరటి చెట్టు రేవుకు పనికొచ్చింది. డాల్ఫిన్స్ నోస్ కొండ మీద జగ్గారావు నిలబెట్టిన జెండా స్తంభం సంకేతం చూసి ఊరు వేళ తెలుసుకునేది. గాజువాక నుంచి సముద్రం వైపు చూస్తే అడ్డుగా కనిపించే కొండల వరసకు అటు చివర ఉన్నదే ఆ కొండ. 1856లో జగ్గారావు పోయాక ఆయన అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు వేధశాలను నడిపించారు. లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీలో సభ్యుడయ్యారు, కుక్ కంపెనీ వారి 6 అంగుళాల టెలిస్కోపు తెప్పించుకున్నారు. 1874 డిసెంబరు 9 ఉదయం శుక్రుడు నల్లటి చుక్కలా సూర్యబింబం మీదుగా దాటిపోతుంటే చూసి, ఆ వివరాలు పంపితే సొసైటీ మాసపత్రిక అచ్చువేసింది.

ఆ శుక్ర సంక్రమణం కథలోనే నా వాదనకు పెద్ద ఆధారం ఉంది. శుక్రుడు సూర్యుడి అంచును తాకిన క్షణాన్ని భూమి మీద వేరువేరు చోట్ల నుంచి గుర్తిస్తే సూర్యుడి దూరం లెక్కగట్టవచ్చు. కాగితం మీద సులువు. 1769లో కెప్టెన్ కుక్ తాహితీ దీవిలో ఇదే పని మీద ఉన్నప్పుడు, శుక్రుడు అంచు నుంచి విడిపోకుండా, చుక్కను అంచుకు కలుపుతూ నల్లటి సిరాబొట్టులాంటి తోక కనిపించింది. పక్కపక్కన నిలబడి చూసినవాళ్ళు కూడా ఒకే సమయం చెప్పలేకపోయారు. కొలత పాడైంది. అయినా కుక్ ఆ పాడైన దృశ్యాన్ని దాచలేదు, బొమ్మ వేసి నివేదికలో పెట్టాడు. 1874లో కూడా చాలాచోట్ల ఆ సిరాబొట్టు మళ్ళీ పరిశీలకులను ఏడిపించింది. వాతావరణం చెదరగొట్టడం వల్లనో, శుక్రుడి సొంత వాయుమండలం వల్లనో అని శతాబ్దానికి పైగా వాదించుకున్నారు. 1999లో బుధ సంక్రమణాన్ని ట్రేస్ అనే ఉపగ్రహం భూమి గాలికి పైనుంచి ఫొటోలు తీసింది; గాలి లేని చోట, గాలే లేని గ్రహానికి కూడా చిన్న సిరాబొట్టు కనిపించింది. టెలిస్కోపు సహజంగా చేసే మసకా, సూర్యబింబం అంచు దగ్గర కాంతి తగ్గిపోవడమూ అందులో పాత్రధారులని తేలింది. రెండు వందల ముప్పై ఏళ్ళ తర్వాత కూడా కొత్త ఫొటోను పక్కన పెట్టి పోల్చడానికి పనికొచ్చినవి ఎవరి బొమ్మలు? విఫలమైన వాళ్ళవి. అంచు శుభ్రంగా విడిపోయినట్టు అబద్ధం గీసి ఉంటే ఆ చర్చే ఉండేది కాదు.

ఇప్పుడు నా వాదనకు గట్టి అభ్యంతరం. చెయ్యి గీసేది కన్ను చూసింది కాదు, మనసు ఊహించింది అంటారు. తాడును చూసి పామనుకోవడం మన తాత్త్వికులకు కొత్త కాదు. ఖగోళశాస్త్రంలో ఆ పాము పేరు కుజుడి కాలవలు. 1877లో స్కియాపరెల్లి అనే ఖగోళవేత్త కుజుడి మీద సన్నని గీతలు గీశాడు. పర్సివల్ లోవెల్ వాటిని తెలివైన ప్రాణులు తవ్విన నీటి కాలవలంటూ పుస్తకాలు రాశాడు. 1903లో మాండర్, ఎవాన్స్ అనే ఇద్దరు గ్రీనిచ్‌లో ఒక బడి పిల్లలను కూర్చోబెట్టి, చుక్కలూ అస్పష్టమైన మచ్చలూ ఉన్న బింబాన్ని దూరం నుంచి చూపించి గీయమన్నారు. ఒక మోస్తరు దూరంలో కూర్చున్న పిల్లల్లో కొందరు గీతలు గీశారు, అసలు బొమ్మలో గీతలు లేకపోయినా. ఫ్రాన్సులో ఫ్లమారియోన్ అలాగే చేయిస్తే అక్కడి పిల్లలు గీతలు గీయలేదు కనక కథ అంత సాఫీగా ముగిసిందనుకోకండి. కానీ కన్ను అంచున ఉన్న వివరాన్ని గీతలుగా కలిపేయగలదన్నది నిలిచింది.

ఈ అభ్యంతరాన్ని నేను తోసిపుచ్చను, సగం ఒప్పుకుంటాను. ఒప్పుకోని సగం ఇది. కాలవలను కూల్చింది కూడా పెన్సిలే. అప్పటి ఫొటోలు అందుకు చాలినంత స్పష్టంగా లేవు. 1909 సెప్టెంబరులో యూజీన్ ఆంటోనియాడి అనే ఖగోళవేత్త ప్యారిస్ దగ్గర మ్యూడాన్‌లో 83 సెంటీమీటర్ల టెలిస్కోపులో, గాలి అసాధారణంగా నిలిచిన వేళ, ఆ గీతలు ఎగుడుదిగుడు మచ్చలుగా విడిపోవడం చూసి గీశాడు. అదే ఆంటోనియాడి గాలి స్థితికి ఐదు మెట్ల కొలబద్ద ఒకటి ఇచ్చాడు: ఒకటి అంటే వణుకే లేదు, ఐదు అంటే బొమ్మ వేయడమే కష్టం. ప్రపంచమంతా ఇప్పటికీ బొమ్మల పక్కన ఆ అంకె వేస్తారు. లోవెల్‌తో వచ్చిన చిక్కల్లా ఆయన చూడటంలో కన్నా, అనుమానాన్ని కాగితం మీదికి రానివ్వకపోవడంలో ఉందని నా అభిప్రాయం. అనుమానంగా కనిపించిన గీతను చుక్కల గీతగా వేసి, పక్కన 'అరక్షణం, రెండుసార్లు' అని రాసి ఉంటే అది శాస్త్రమే. ముదురు గీతగా వేసి పేరు పెట్టేస్తే అది నమ్మకం.

రెండో అభ్యంతరం కెమెరా. ఇవాళ సాధారణ వీడియో కెమెరాను ఐపీసు స్థానంలో పెట్టి, నిమిషంలో వేల ఫ్రేములు తీసి, కంప్యూటరు చేత బాగున్నవాటిని ఏరించి కలిపితే వచ్చే బొమ్మ ముందు ఏ పెన్సిలూ నిలవదు. ఇది నిజం, దీనికి జవాబు వెతకను. అయితే ఆ కంప్యూటరు చేసేది కూడా గాలి ఆగిన క్షణాలను ఏరుకోవడమే. కన్ను మూడు శతాబ్దాలుగా చేస్తున్న పనిని యంత్రం నేర్చుకుంది. ఊహించడం కూడా నేర్చుకుంది. చెడ్డ రాత్రి తీసిన వీడియోను పదును పెట్టే కొద్దీ గ్రహం అంచున లేని తెల్లటి వలయాలూ, లేని గీతలూ పుడతాయి. అందమైన అబద్ధం పెన్సిలు ఒక్కదాని సొత్తు కాదు. తేడా ఏమిటంటే, చేత్తో గీసిన గీత దగ్గర గీసినవాడు ఎందుకు గీశాడో చెప్పగలడు. సాఫ్ట్‌వేరు పుట్టించిన వలయాన్ని చాలామంది నిజమని పోస్టు చేసేస్తారు.

ఇక అంతరిక్ష నౌకలు వెళ్ళి వచ్చాక ఈ బొమ్మలెందుకు అనే ప్రశ్న. నౌకలు గొప్పవి, కానీ 1665లో లేవు. ఆ ఏడు కాసీని అనే ఖగోళవేత్త గురుడి మీద పెద్ద మచ్చ చూశాడు. 1713 దాకా దాన్ని చూసినట్టు రాతలున్నాయి. మళ్ళీ 1831 నుంచి ఇప్పటి ఎర్రమచ్చ బొమ్మల్లో కనిపిస్తుంది. రెండూ ఒకటేనా? 2024లో స్పెయిన్‌కు చెందిన అగస్టిన్ సాంచెజ్ లవేగా బృందం పాత బొమ్మలన్నీ తిరగేసి, కాదని తేల్చింది. మధ్యలోని 118 ఏళ్ళలో ఆ చోట ఎవరూ మచ్చ చూడలేదన్నది వాళ్ళ వాదనలో ముఖ్యమైన దూలం. 1879లో దాదాపు 39,000 కిలోమీటర్ల పొడవున్న ఎర్రమచ్చ ఇప్పుడు 14,000 కిలోమీటర్లకు కుంచించుకుపోయిందని చెప్పడానికి కూడా ఆధారాల్లో మొదటి వరస చేతి బొమ్మలే. గమనించండి: ఇక్కడ సాక్ష్యం ఒక లేమి. ఖాళీగా ఉన్న బొమ్మ. కానీ ఖాళీకి రెండు అర్థాలుంటాయి: మచ్చ లేదా, గాలి బాగాలేక కనపడలేదా? గాలి అంకె ఐదు అని రాసి ఉంటే ఆ ఖాళీకి బలం లేదు. రెండు అని ఉంటే ఆ ఖాళీ కోర్టులో నిలబడే సాక్షి. చెడ్డ రాత్రిని చెడ్డ రాత్రి అని రాసినవాడే మంచి రాత్రి ఖాళీకి విలువ తెస్తాడు.

గాజువాక కుర్రవాడి బొమ్మ వల్ల రేపే శాస్త్రం మారిపోతుందా అని ఎవరైనా అడిగితే, దాదాపుగా మారదు. ఆ దాదాపు అన్న మాటలో 1933 ఆగస్టు 3 ఉంది. బొగ్గు పొగ కమ్మిన లండన్ శివారులో, దక్షిణాన కిందుగా ఉన్న శని మీద, విల్ హే అనే హాస్యనటుడు తన 6 అంగుళాల టెలిస్కోపుతో ఒక పెద్ద తెల్లమచ్చ కనిపెట్టాడు. నవ్వించడమే ఆయన వృత్తి, ఆకాశం చూడటం కాదు. నర్సింగరావు టెలిస్కోపూ అదే 6 అంగుళాలు. ఆ రాత్రి శని ఉన్న చోటు గాజువాక నుంచి చూస్తే లండన్‌లో కన్నా 34 డిగ్రీలు ఎత్తున ఉండేది.

వచ్చే మంచి అవకాశం 2027 ఫిబ్రవరిలో. ఆ నెల 10వ తేదీ ప్రాంతంలో గురుడూ, 19న కుజుడూ సూర్యుడికి సరిగ్గా ఎదురు దిక్కుకు వస్తారు. ఇద్దరూ మఖ నక్షత్రం పరిసరాల్లోనే ఉంటారు. గాజువాకలో అర్ధరాత్రి వేళకు దాదాపు నడినెత్తికి చేరతారు. అప్పుడు తల వెనక్కి వంచి చూడటం మెడకు కష్టమే గానీ, గాలి మందం అంతకన్నా తగ్గే వీలు లేదు. కుజుడి బింబం ఈసారి చిన్నది, 14 ఆర్క్ సెకన్ల లోపు. నూట ముప్పై రెట్లు పెంచితే గానీ పున్నమి చంద్రుడంత కాడు. ఉత్తర ధ్రువం మనవైపు వాలి ఉంటుంది కనక, దాని మీది తెల్లటి మంచు టోపీ ముందు దొరుకుతుంది. దాన్ని మొదట గీసి, దిక్కు గుర్తు పెట్టుకుని, ఆ తర్వాత నల్లమచ్చల కోసం గాలి ఆగే క్షణాల కోసం కాచుకోవాలి. కుజుడు తన చుట్టూ తాను ఒకసారి తిరగడానికి మన రోజు కన్నా 37 నిమిషాలు ఎక్కువ పడుతుంది. అందుకని రోజూ ఒకే వేళకు చూస్తే దాదాపు అదే ముఖం, కొద్దికొద్దిగా జరుగుతూ, నెల దాటి మరో వారం పది రోజులకు గానీ ఒక చుట్టు పూర్తికాదు. ఆ నలభై రాత్రుల్లో ఎన్ని పొగ రాత్రులు, ఎన్ని వణుకు రాత్రులు, ఎన్ని కాగితం ముట్టని రాత్రులు అన్నది కూడా అదే నోటుపుస్తకంలో, తేదీల వారీగా ఉండాలి.